ఘంటసాల స్మరణ: అభిమానం, ఆరాధన, చరిత్ర

ఏలూరు నుంచి కైకలూరు వెళ్లే దారిలో ఏ ఊళ్లోనైనా పొద్దున్నే మైకులో ఘంటసాల భగవద్గీత మొదలైతే, జనం శ్లోకం వినరు. "ఎవరు పోయారు?" అని అడుగుతారు. ఆ గొంతు వినబడితే పక్కవీధివాళ్లు పనులు ఆపి బయటికొస్తారు. మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లలకు పద్యపాఠం చెబుతూ ఒకసారి ఘంటసాల పేరెత్తాను. వెనక బల్ల మీది కుర్రవాడొకడు, "చావు దగ్గర వేస్తారు, ఆయనేనా మాస్టారూ?" అన్నాడు. క్లాసు నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మూడు దశాబ్దాల పాటు తెలుగువాడి ప్రేమకూ, కోపానికీ, ఆశకూ గొంతుగా ఉన్న మనిషి, పోయిన యాభయ్యేళ్లకు ఒక్క చావుకే గొంతుగా మిగిలాడు. ఇది ఎలా జరిగింది? ఇందులో అభిమానుల పాత్ర ఎంత? మన పాత్ర, అంటే రచయితల పాత్ర, ఎంత? ఈ వ్యాసం ఆ ప్రశ్నలకు సంబంధించింది.

గాయకుడు చనిపోయిన తరువాత అతని గొంతు ఎవరి సొత్తు అవుతుందన్నది మన ఒక్కరి సమస్య కాదు. ఘంటసాల మరణించిన 1974కు కొద్దిగా ముందు పాశ్చాత్య ప్రపంచంలో రాక్ సంగీతానికి వరుసగా పెద్ద దెబ్బలు తగిలాయి. 1970 సెప్టెంబరులో జిమీ హెండ్రిక్స్, అక్టోబరులో జానిస్ జాప్లిన్, 1971 జూలైలో పారిస్ నగరంలో జిమ్ మారిసన్ చనిపోయారు. ముగ్గురికీ ఇరవై ఏడేళ్లే. మత్తుమందులనూ, రంగురంగుల భ్రాంతులనూ సంగీతంలోకి తెచ్చిన తరం అది. అయితే ఆ తరం నడినెత్తిన వియత్నాం యుద్ధం ఉంది. 1969 ఆగస్టులో వుడ్‌స్టాక్ సంగీతోత్సవం చివరి ఉదయాన హెండ్రిక్స్ అమెరికా జాతీయ గీతాన్ని గిటారు మీద వాయిస్తూ, దాని మధ్యలో బాంబులు పడే చప్పుడు పుట్టించాడు. ఒక దేశపు యువతరం తన ప్రభుత్వంతో పడుతున్న పేచీ ఆ తీగల మీద పలికింది. తరువాత ఏమైంది? యుద్ధం మీది కోపం పక్కకు పోయింది. ఉంగరాల జుట్టూ, గిటారూ, చొక్కా మీద అచ్చేసిన బొమ్మా మిగిలాయి. కోపాన్ని అమ్మడం కష్టం, బొమ్మను అమ్మడం తేలిక. వ్యాపారానికి ఈ సంగతి బాగా తెలుసు.

మారిసన్ సమాధి పారిస్‌లోని పేర్ లాషేజ్ శ్మశానంలో ఉంది. అభిమానులు దాని చుట్టూ రాతలు రాశారు. 1981లో నిలిపిన అతని ప్రతిమను 1988లో ఎవరో ఎత్తుకుపోతే, 2025లో గాని పోలీసులకు దొరకలేదు. అదే శ్మశానం చివర ఒక గోడ ఉంది. 1871 మేలో పారిస్ కమ్యూన్ వీరులను నిలబెట్టి కాల్చి చంపిన గోడ అది. ప్రపంచ శ్రామికుల గీతం రాసిన యూజీన్ పోతియే సమాధి కూడా ఆ శ్మశానంలోనే ఉంది. ఒకే ఆవరణలో రెండు రకాల పాటలు నిద్రపోతున్నాయి. జనం గుంపు ఏ సమాధి దగ్గర ఉంటుందో వేరే చెప్పనక్కర లేదు. అభిమానం చరిత్రను నిలబెడుతుంది, నిజమే. కాని ఏరి నిలబెడుతుంది. ఏరే చెయ్యి ఎవరిదన్నదే విమర్శకుడు అడగవలసిన ప్రశ్న.

ఇక మన సంగతి. ఘంటసాల వెంకటేశ్వరరావు 1922 డిసెంబరు 4న గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టాడు. అంటే కొల్లేటికి దిగువన, కృష్ణా డెల్టా మాగాణుల మధ్య. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. సంగీతం నేర్చుకోవాలన్న పట్టుదల తప్ప చేతిలో మరేమీ లేక విజయనగరం చేరాడు. అక్కడి మహారాజా సంగీత కళాశాల 1919లో ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడుగా మొదలైంది. ఘంటసాలను పట్రాయని సీతారామశాస్త్రి చేరదీసి పాఠం చెప్పాడు. తిండికి మాత్రం జోలె కట్టుకొని ఇంటింటికీ తిరిగి మధూకరం ఎత్తవలసి వచ్చింది.

ఈ మధూకరం కథను ప్రతి వర్ధంతి సభలోనూ చెబుతారు. చెప్పేవారి కళ్లు చెమరుస్తాయి. వినేవారి కళ్లూ చెమరుస్తాయి. ఆ ఆకలి నిజమైనదే, దాన్ని తక్కువ చెయ్యరాదు. కాని మధూకరమంటే బ్రాహ్మణ విద్యార్థికి సమాజం తెరిచి ఉంచిన తలుపు. అదే కాలంలో కొల్లేటి లంకల్లో వల విసురుతూ గొంతెత్తి పాడిన వడ్డి పిల్లవాడికి ఏ సంగీత కళాశాలా లేదు, ఏ వీధిలోనూ జోలె పట్టే హక్కు లేదు. ఘంటసాల ఆకలిని చెప్పి ఆ రెండో పిల్లవాడిని చెప్పకపోతే మనం చెప్పేది సగం చరిత్రే. ప్రతిభ పేదరికాన్ని జయించిందంటాం. ఎందరి ప్రతిభను పేదరికమూ కులమూ కలిసి నోరెత్తనివ్వలేదో లెక్క కట్టినవాడు లేడు.

సభల్లో అంతగా వినబడని ఘట్టం మరొకటుంది. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని ఘంటసాల జైలుకు వెళ్లాడు. బళ్లారి దగ్గర అల్లీపురం జైలులో శిక్ష అనుభవించాడు. అంతకుముందు ఊరూరా తిరుగుతూ దేశభక్తి గీతాలు పాడాడు. సముద్రాల రాఘవాచార్య ప్రోత్సాహంతో మద్రాసు చేరింది ఆ తరువాతే. 1945లో 'స్వర్గసీమ'లో గొంతు వినిపించి, 1949లో 'కీలుగుర్రం', 'మనదేశం' చిత్రాలతో సంగీత దర్శకుడుగా నిలబడ్డాడు. అంటే సినిమాకు రాకముందే ఆ గొంతు జనం మధ్య, వీధిలో, నాలుగు రోడ్ల కూడలిలో తయారైంది. దాని గట్టిదనానికి కళాశాల పాఠం ఎంత కారణమో ఇది కూడా అంత కారణమని నా అభిప్రాయం.

ఆయన తెచ్చిన మార్పు ఎక్కడుందో సాహిత్య విద్యార్థులు గమనించాలి. అంతకు పూర్వం పద్యం నాటకరంగం సొత్తు. మైకులు లేని కాలంలో చివరి వరుసవాడికి వినబడాలంటే నటుడికి శ్రుతి కావాలి, గుక్క కావాలి. పద్యాన్ని ముక్కలు చేసి, ముక్కముక్కకూ రాగం సాగదీసి, హార్మోనియం మీద తేలిపోతుంటే ప్రేక్షకులు వన్స్ మోర్ కొట్టేవారు. రాగం గెలిచేది, మాట ఓడిపోయేది. ఘంటసాల చేతికి మైకు వచ్చింది. గట్టిగా అరవనక్కర లేకపోయింది. ఆయన రాగాన్ని కుదించి, మాటను ముందుకు తెచ్చాడు. సమాసం ఎక్కడ విరగాలో అక్కడే విరిచాడు. భావం ఎక్కడ బరువెక్కుతుందో అక్కడే గమకం వేశాడు. కరుణశ్రీ 'పుష్పవిలాపం' పండితుల పుస్తకాల బీరువా దాటి కాఫీ హోటలు దాకా వచ్చిందంటే కారణం ఈ పద్ధతే. తిరుపతి వేంకట కవుల రాయబారం పద్యాలను చదువు రాని రైతు పొలంగట్టు మీద తప్పు లేకుండా అప్పజెప్పగలిగాడంటే కారణం ఈ పద్ధతే. ఛందస్సు తెలియనివాడికి ఛందస్సును చెవి ద్వారా నేర్పిన ఉపాధ్యాయుడు ఘంటసాల. ఈ పని మా తెలుగు పంతుళ్లలో ఎందరం చేయగలిగాం?

ఆ చెవులు ఎవరివి? 1948 డిసెంబరులో విజయవాడ రేడియో కేంద్రం మొదలైంది. సిలోన్ రేడియోలో మీనాక్షి పొన్నుదురై తెలుగు పాటలు వినిపించేది. టూరింగ్ టాకీసులో ఆట మొదలయ్యే ముందు వేసే రికార్డు పొలాల మీదుగా పక్క ఊరికి వినబడేది. అణాలకు అమ్మే పాటల పుస్తకం అక్షరాలు కూడబలుక్కునేవాడికి వాచకమైంది. ఏలూరు జూటు మిల్లు కార్మికుడూ, తాడేపల్లిగూడెం మార్కెట్టులో ఉల్లి బస్తాలు మోసిన హమాలీ, కొల్లేటిలో తాటిదోనె మీద వల చూసుకొనే జాలరీ, కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు పడవలెక్కి వచ్చిన ఆడవాళ్లూ, వీళ్లే ఆ శ్రోతలు. సభా సంగీతం వీళ్లను గుమ్మం అవతలే నిలబెట్టింది. సినిమా పాట టిక్కెట్టు డబ్బులు తీసుకొని లోపలికి రమ్మంది. అది వ్యాపారమే. కాని ఆ వ్యాపారం చేతుల మీదుగానే శాస్త్రీయ రాగాలు మొదటిసారి శ్రామికుల ఇళ్లలోకి నడిచి వెళ్లాయి. చరిత్రలో ఇటువంటి వైరుధ్యాలు కొత్త కావు.

ఇక్కడ మన ఆత్మవిమర్శ అవసరం. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టినప్పుడు జనం దగ్గరకు వెళ్లడమే మన ప్రతిజ్ఞ. 1965 నుంచి 1968 దాకా దిగంబర కవులు మూడు సంపుటాలతో నగరాల్లో నిప్పు రాజేశారు. పాశ్చాత్య యువతరం పాటలో చూపిన తిరుగుబాటును మన యువతరం వచన కవితలో చూపింది. కాని ఆ కవిత కొల్లేటి లంక దాకా వెళ్లలేదు, ఘంటసాల పాట వెళ్లింది. దాన్ని మనం విమర్శకు అర్హమైన వస్తువుగా చూడలేదు. సినిమా పాట అని పెదవి విరిచి వదిలేశాం. మనం ఖాళీ చేసిన ఆ చోటును భక్తులు ఆక్రమించారు. ఇప్పుడు వాళ్లను నిందించి ప్రయోజనమేమిటి?

నిజానికి ఆ గొంతులో మనకు సంబంధించిన వారసత్వం తక్కువేమీ లేదు. 1952 నాటి 'పల్లెటూరు' చిత్రానికి ఘంటసాల సంగీత దర్శకుడు. కమ్యూనిస్టు నాయకుడు వేములపల్లి శ్రీకృష్ణ రాసిన పాట, తెలుగువాణ్ణి చెయ్యెత్తి నిలబడమన్న పాట, ఆ చిత్రంలో ఆయన గొంతులోనే ఊరూరా వినబడింది. 'వెలుగునీడలు' (1961)లో శ్రీశ్రీ రాసిన పాటలు ఆయన నోట పలికి, 'మహాప్రస్థానం' చదవని లక్షలమందికి శ్రీశ్రీ మాటను పరిచయం చేశాయి. అన్నిటికంటె ఆలోచించవలసింది 1974 సంవత్సరం. ఫిబ్రవరి 11న ఘంటసాల మద్రాసులో కన్నుమూశాడు. ఆ తరువాత అదే ఏడాది ఆయన గొంతు రెండు రూపాల్లో జనం ముందుకు వచ్చింది. ఒకటి భగవద్గీత రికార్డు. రెండోది మే 1న విడుదలైన 'అల్లూరి సీతారామరాజు'లో, ఆయన వి. రామకృష్ణతో కలిసి పాడిన శ్రీశ్రీ పాట. తెలుగువీరుణ్ణి లేచి రమ్మని పిలిచిన ఆ పాట శ్రీశ్రీకి జాతీయ పురస్కారం తెచ్చిపెట్టింది.

మనిషి పోయాక వెలువడిన గొంతులు రెండూ. ఒకటి చనిపోయినవాడి కోసం పాడింది, ఒకటి బతికున్నవాణ్ణి లెమ్మని పాడింది. మొదటిది ప్రతి వీధిలో నిలిచిపోయింది. రెండోది జెండా పండుగ నాడు ఒక గంట వినబడి ఆగిపోతుంది. ఇది ఘంటసాల చేసిన ఎంపిక కాదు. ఆయన రెండూ పాడాడు. ఎంపిక మనది.

ఇంత చెప్పినందుకు ఘంటసాలను అభ్యుదయ గాయకుడుగా ముద్ర వేయబోతున్నానని ఎవరూ అనుకోవద్దు. అది మరో రకం ఆరాధన అవుతుంది. ఆయన నేపథ్య గాయకుడు. నిర్మాత డబ్బిచ్చాడు, దర్శకుడు సన్నివేశం చెప్పాడు, కవి మాటలిచ్చాడు, ఆయన పాడాడు. తిరుగుబాటు పాట పాడిన గొంతుతోనే పతిభక్తినీ, కర్మ సిద్ధాంతాన్నీ పాడాడు. శ్రామికుడు తాను చేసే వస్తువును ఎంచుకోలేనట్టే వృత్తి గాయకుడూ తన పాటను చాలాసార్లు ఎంచుకోలేడు. ఆయన గొంతులో ఒక కాలపు వైరుధ్యాలన్నీ ఉన్నాయి. అందుకే అది చరిత్రకు పనికి వస్తుంది. దేవుడి గొంతులో వైరుధ్యాలుండవు, కాబట్టి దేవుడికి చరిత్ర ఉండదు. విగ్రహం పెట్టి, ధూపం వేసి, ఆరాధనోత్సవమని పేరు పెట్టిన రోజున మనం ఆయనను చరిత్ర నుంచి తప్పించాం.

ప్రభుత్వం 1970లో పద్మశ్రీ ఇచ్చింది, 2003లో తపాలా బిళ్ల వేసింది, విజయవాడ సంగీత కళాశాలకు ఆయన పేరు పెట్టింది. అవన్నీ ఉండవలసినవే. కాని అవి చెప్పని సంగతులు ఈ జిల్లాల్లో ముసలివాళ్ల నోళ్లలో ఉన్నాయి. ఏ సినిమా కోసం ఎన్ని కోసులు నడిచారు, ఏ పద్యం విని చదువు మీద ఆశ పుట్టింది, ఏ పాట పాడి సమ్మె రోజుల్లో పస్తున్నారు, ఇవి ఎవరూ రాసుకోలేదు. ఎనభై దాటిన ఆ శ్రోతలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. వాళ్లు వెళ్లిన రోజున వాకిట్లో ఘంటసాల గీత వేస్తాం గాని, వాళ్లు ఏం విన్నారో అడగం. యువ రచయితలు, ముఖ్యంగా పరిశోధనకు అంశం వెతుక్కుంటున్న తెలుగు విద్యార్థులు, కథావస్తువు కోసం ఎక్కడెక్కడో తిరగడం మాని ఈ పని చేపట్టాలి. గాయకుడి చరిత్ర సగమే రికార్డుల్లో ఉంది. తక్కిన సగం విన్నవాళ్లలో ఉంది.

ఆ మరుసటి రోజు నేను తొమ్మిదో తరగతికి ఒక చిన్న స్పీకరు పట్టుకువెళ్లి 'పల్లెటూరు' పాట వినిపించాను. వెనక బల్ల కుర్రవాడు కాసేపు విని, "గొంతు అదే గాని, ఇది అది కాదు మాస్టారూ" అన్నాడు. ఆ మాట చాలు. పాఠం అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.