పిరోగో

పిరోగో యనునది యూరపు, అమెరికా ఖండములయందు నివసించు రోమా జనులు పండుగలకును బంధుజన సమావేశములకును కాల్చుకొను తియ్యని భక్ష్యము. కేకు అను పేర వ్యవహరింపబడుచున్నను, పిండిని పొంగించి గుల్లగా కాల్చు కేకుల జాతిలో నిది చేరదు. గ్రుడ్డు కలిపిన మైదాతో చేసిన వెడల్పాటి నూడుల్సును ఉడికించి, అందు విరుగగొట్టిన పాలముద్దను, గ్రుడ్లను, వెన్నను, పంచదారను, ఎండుద్రాక్షను, అక్రోటు పలుకులను కలిపి, లోతైన పళ్లెమున సర్ది కాల్చగా నేర్పడు ఘనమైన వంటకమిది. తూర్పు యూరపు యూదుల కుగెల్‌కును దీనికిని అక్కచెల్లెండ్ర పోలిక గలదు. ఎవరు ఎవరికి నేర్పిరని వాదులాడుటకంటె, ఒకే సీమలలో తరతరములుగా మెలగిన రెండు జాతుల ఇరుగుపొరుగు వంటగా దీనిని భావించుట యుక్తము.

సుమారు వెయ్యేండ్ల క్రిందట భరతఖండమును వీడి, పారసీక, ఆర్మేనియా దేశముల మీదుగా గ్రీకుల బైజాంటియ సామ్రాజ్యమును చేరి, అందుండి బాల్కను ప్రాంతములకును, పిమ్మట యూరపు నలుమూలలకును వ్యాపించిన యీ జనులు లిఖితచరిత్రను తమవెంట గొనిపోలేదు. వారి పయనమునకు ప్రధానసాక్ష్యము వారి నోటిమాటయే. ఆ సాక్ష్యమును వినగోరువారికి పిరోగో పళ్లెమొక్కటి చాలును. మాండలికభేదములు లేకపోలేదు గాని, రోమానీ భాషలో ద్రాక్ష ‘ద్రాఖ్’, అక్రోటు ‘ఆఖోర్’, విరిగిన పాలముద్ద ‘కిరాల్’, ఉప్పు ‘లోన్’, గ్రుడ్డు ‘ఆన్రో’, నిప్పు ‘యాగ్’. ద్రాక్షా, అక్షోట, కిలాట, లవణ, అండ, అగ్ని శబ్దములను ఎరిగిన పాఠకునకు వీనిని వేరుగా వివరింప నక్కరలేదు. తీపికి వారు ‘గుడ్లో’ అందురు. ఆ మాట విని తెలుగువాడు గ్రుడ్డును స్మరించునేమో గాని, అది బెల్లమునకు పేరైన గుడ శబ్దమునుండి పుట్టినది. ఇట్లు లోపల పడు దినుసులలో పెక్కు భారతీయ నామములతో నుండగా, వానిని కాల్చు భట్టీకి మాత్రము ‘బోవ్’ అను ఆర్మేనియా పదమును, ఈస్టరు పండుగకు అదే భాషనుండి వచ్చిన ‘పత్రాజీ’ అను పదమును వారు స్వీకరించిరి. వంటకము పేరు స్లావ్ భాషలది: రష్యనులు కాల్చిన పిండివంటను ‘పిరోగ్’ అందురు; విందు అను నర్థముగల ‘పిర్’ దానికి మూలమని నిఘంటుకారుల మతము. తుద నున్న ఓకారమందును చరిత్ర గలదు. పరభాషాపదములను తమవిగా చేసికొనునపుడు వారు చేర్చు ఇట్టి ప్రత్యయములు గ్రీకునుండి గ్రహించినవి.

సంచారజీవనమున నున్న కుటుంబములకు భట్టీ యెక్కడిది? బహిరంగమున మంటపై కాగు నుంచి వండుటయు, కాలిన పెనముమీదనో నిప్పులసెగనో రొట్టె కాల్చుటయు వారి పూర్వాచారము. హంగరీ రోమాలు ‘బొదగ్’ అను మందపు రొట్టెను పొయ్యిపలకమీద నేటికిని కాల్చుకొందురు. కావున గంటసేపు సమమైన వేడిని కోరు పిరోగో, స్థిరగృహమేర్పడిన పిదప వికసించిన వంటయని చెప్పుట సమంజసము. మాల్డేవియా, వలాకియా సంస్థానములలో శతాబ్దములపాటు దాస్యమున మగ్గిన రోమాలకు 1855, 1856 సంవత్సరములలో విముక్తి కలిగెను. తరువాతి దశాబ్దములలో రాగికాగులు చేయుటయు, కళాయి పూయుటయు వృత్తిగా గల కల్డెరాష్ శాఖవారు రష్యాకును, సముద్రముదాటి అమెరికాకును వ్యాపించిరి. పిరోగో అమెరికాలో కొన్ని యిండ్లలో అనాసముక్కలను గూడ చేర్చుకొనెను. ప్రాచీనులు దీనిని ఆమోదింతురో లేదో గాని, పాలముద్ద చప్పదనమునకు ఆ పులుపు చక్కని విరుగుడు.

చేయు విధము కఠినము గాదు. ఓపిక మాత్రము వలయును. పావుకిలో నూడుల్సును, ఇంచుక బిరుసు మిగులునట్లుగా ఉప్పునీట ఉడికించి నీరు పూర్తిగా ఓడ్చి, అవి వేడిగా నుండగనే వెన్న పట్టించినచో ఒకదానినొకటి అంటుకొనవు. గ్రుడ్లసొనను మాత్రము నూడుల్సు గోరువెచ్చన యగువరకు కలుపరాదు. తొందరపడినచో సొన అప్పుడే గడ్డకట్టి తునుకలగును. నాలుగు గ్రుడ్లను పంచదారతో గిలకొట్టి, పావుకిలో పాలముద్దను, వేడినీట నానబెట్టి వడిచిన ఎండుద్రాక్షను, చిదిపిన అక్రోటు పలుకులను అందు కలిపి, నూడుల్సుతో మేళవించి, వెన్న రాసిన పళ్లెములో పరచవలెను. పైకి తేలిన ద్రాక్షలను లోనికి నొక్కుట మరువరాదు, అవి ముందుగా మాడి చేదెక్కును. 180 సెంటీగ్రేడు డిగ్రీల వేడిలో ముప్పాతికగంట మొదలు గంటవరకు కాల్చగా, సొన బిగిసి, పైభాగము బంగారువన్నె దాల్చి, అంచులు కరకరలాడును. దించిన వెంటనే కోసినచో ముక్క నిలువదు గనుక పావుగంటయైనను ఆరనీయవలెను.

ఈ వంటను సంపూర్ణముగా నెరుగుటకు రుచి యొక్కటే చాలదు. శౌచాశౌచ విచారము రోమా గృహములందు, విశేషించి సంప్రదాయమును వీడనివారియందు, మిక్కిలి తీవ్రము. అశుచిని ‘మారిమే’ అందురు. బట్టలుతికిన తొట్టిలో వంటపాత్ర కడుగుట మహాదోషము. ఆ పాత్రను పారవైచువారును గలరు. మన మడియాచారము చూచినవారికి ఇది వింతగా తోపదు. ఆ యింట పెట్టిన ముక్కను అతిథి నిరాకరించినచో, అది మొగమాటముగా గాక, గృహిణి శుచిత్వమును శంకించుటగా గ్రహింపబడుటయు గలదు. కావున ఆకలి లేకున్నను ఒక తునుక నోట వేసికొనుట అచటి మర్యాద.