చెల్లుకు చెల్లు చెప్పుకునే హక్కు

1788 జూలై. సిడ్నీ తీరంలో బ్రిటిష్ వాళ్లు గుడారాలు వేసి ఇంకా ఆర్నెల్లు నిండలేదు. హెన్రీ కేబుల్, సుసానా అనే ఖైదీ దంపతులు 'అలెగ్జాండర్' ఓడ కెప్టెన్ డంకన్ సింక్లెయిర్ మీద దావా వేశారు. ఇంగ్లండులో జనం చందాలు వేసుకుని వాళ్లకోసం కొనిచ్చిన సామాన్ల మూట ఆ ఓడలో మాయమైంది. ఉరిశిక్ష పడి, దయతలచి ద్వీపాంతరం పంపిన నేరస్థులకు ఇంగ్లిషు చట్టం ప్రకారం దావా వేసే హక్కే లేదు. అయినా జడ్జి అడ్వొకేట్ డేవిడ్ కాలిన్స్ కోర్టు వాళ్ల మాట విని, 15 పౌండ్లు చెల్లించమంది. ఆస్ట్రేలియాలో మొదటి సివిల్ కేసు ఇదే.

ఇక్కడి దివాలా చట్టం గురించి ఎవరు అడిగినా నేను ఈ కేసుతోనే మొదలుపెడతాను. 'నాకూ రావలసింది ఉంది' అని ఒక మనిషి అంటే, అతడు ఎంత దిగజారిన స్థితిలో ఉన్నా ముందు వినాలి. ఈ దేశపు చట్టంలో నాకు బాగా నచ్చిన పట్టింపు అది.

ఆ పట్టింపు ఎప్పుడూ నిలబడిందని కాదు. వలస పాలన తొలిరోజుల్లో అప్పు తీర్చలేనివాణ్ణి జైల్లో వేసేవారు. 1840 దశకం మొదట్లో కరవొచ్చింది, ఉన్ని ధర పడిపోయింది, 1843లో బ్యాంక్ ఆఫ్ ఆస్ట్రేలియా కూలింది. కొనేవాడు లేక గొర్రెలను కొవ్వుకోసం పెద్ద కాగుల్లో ఉడకబెట్టారు. మందలున్నవాళ్లే చితికిపోతే ఎంతమందిని జైల్లో పెడతారు? కేప్ కాలనీలో జడ్జిగా చేసి వచ్చిన విలియం బర్టన్ అప్పటికే, 1841లో, న్యూ సౌత్ వేల్స్‌కు కొత్త దివాలా చట్టం రాసిపెట్టాడు. 1901లో రాజ్యాంగం దివాలా చట్టాలు చేసే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. 1924లో జాతీయ చట్టం వచ్చింది, 1966లో ఇప్పటిది.

మన దగ్గర ఐపీ అనగానే అప్పులపాలైనవాడే కోర్టుకెక్కడం గుర్తొస్తుంది. ఇక్కడ అదీ ఉంది. కానీ జనం హడలిపోయేది అప్పిచ్చినవాడు పంపించే దివాలా నోటీసుకు. కోర్టు తీర్పుతో ఖాయమైన బాకీ ఉంటే చాలు. 2021లో దాని కనీస మొత్తాన్ని 10,000 డాలర్లు చేశారు. నోటీసు అందాక 21 రోజుల్లో కట్టకపోతే, లేదా అవతలివాడితో ఒప్పందానికి రాకపోతే, దివాలా పిటిషన్‌కు తలుపు తెరుచుకున్నట్టే. దివాలా తీశాడని తేలితే మామూలుగా మూడేళ్లు. ఆ మూడేళ్లూ, అతడి ఆస్తుల బాధ్యత చూసే ట్రస్టీ అనుమతి లేకుండా దేశం దాటకూడదు. ఊళ్లో అమ్మకు బాగోలేదని కబురొచ్చినా సరే, ముందు ట్రస్టీని అడగాలి. మనలాంటి వాళ్లకు ఇంతకుమించిన శిక్ష నాకు తోచడం లేదు.

అందుకే ఆ 1966 చట్టం 40వ సెక్షన్‌లోని ఒక్క వాక్యం నాకు విలువైనది. 1883 నాటి బ్రిటిష్ చట్టం నుంచి నడిచొచ్చిన వాక్యం అది. నోటీసు పంపినవాడి నుంచి నాకూ అంతే మొత్తమో, అంతకన్నా ఎక్కువో రావాలని, అసలు కేసులో దాన్ని లేవనెత్తే వీలు లేకపోయిందని కోర్టును ఒప్పిస్తే నోటీసు నిలవదు.

టైల్స్ పని చేసే ఒకాయన ఉన్నాడనుకోండి. బిల్డర్ మీద కేసు ఓడి, 18,000 డాలర్ల కోర్టు ఖర్చులు నెత్తినేసుకున్నాడు. ఆ తర్వాత అదే బిల్డర్‌కు మరో సైట్‌లో 26,000 డాలర్ల పని చేశాడు. పైకం రాలేదు. పాత కేసు నాటికి ఈ బాకీ పుట్టనే లేదు గనక ఇప్పుడు చూపించుకోవచ్చు. దాన్ని అణాపైసలతో రుజువు చేయక్కర్లేదు. పైకి చూస్తే నిలబడే కేసే అనిపిస్తే చాలని 1960లో ఎబర్ట్ కేసులో హైకోర్టు అంది. ఇక్కడ అన్నిటికన్నా పై కోర్టు పేరు అదే.

అదే 26,000 కాక 12,000 అయితే కుదరదు. అసలు కేసులో చెప్పగలిగుండీ ఊరుకున్నవాడికీ కుదరదు. ఇది కఠినమే, అయినా న్యాయమే అంటాను. తీర్పు వచ్చాక అదే తగాదాను మళ్లీ మొదటినుంచి తిరగదోడనిస్తే ఏ బాకీకీ అంతుండదు. మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినే చోటు వేరే ఉంది: ఆ రెండో సైటు బిల్లు ఆయన పేరున కాక ఆయన కంపెనీ పేరున ఉంటే, కంపెనీ ఆయనదే అయినా, ఆ బాకీ ఆయన సొంతానికి పనికిరాదు. బిల్లుబుక్కు మీద ఎవరి పేరుందో పని ఒప్పుకునే రోజే చూసుకోవాలి.

నోటీసు వస్తే చేయవలసింది అర్జీ, దానితో ఒక అఫిడవిట్. అవతలివాడు ఎంత బాకీ, అది ఎలా వచ్చింది, ముందు కేసులో ఎందుకు చెప్పలేకపోయాం, ఈ మూడూ అందులో ఉండాలి. 21 రోజుల లోపల దాఖలు చేస్తే, కోర్టు తేల్చేదాకా గడువు పొడిగించినట్టే లెక్క. 22వ రోజున వేస్తే ఆ వెసులుబాటు లేదు.