ఒకే కొక్కేనికి గాలి, వెలుతురు

కింద దీపం అమర్చిన సీలింగు ఫ్యాను ఇప్పుడు చిన్న ఊళ్ల దుకాణాలలో కూడా దొరుకుతున్నది. దాన్ని పాత ఇంట్లో బిగించబోయిన ఎలక్ట్రీషియన్‌కు కప్పు దగ్గర ఒక చిక్కు ఎదురవుతుంది. ఫ్యానుకు ఒక ఫేజు, దీపానికి మరొక ఫేజు, రెండింటికీ కలిపి ఒక న్యూట్రల్ కావాలి. అంటే ఎర్తు తీగ కాక మూడు తీగలు. కప్పులోంచి బయటికి వచ్చేవి మాత్రం రెండే. ఈ ఒక్క తీగ ఎందుకు తక్కువైంది? ఇది చూడడానికి వైరింగు ప్రశ్నలా ఉన్నా, దీనికి జవాబు చరిత్రలో ఉన్నది. ఆ చరిత్రను ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఉదాహరణకు గుజరాత్‌లోని ఇచ్ఛాపూర్‌ను తీసుకుందాం. మన శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం వేరు, ఇది వేరు. ఇది సూరత్ నగరం నుంచి హజీరా వెళ్లే దారిలో, కవాస్ గ్యాస్ విద్యుత్కేంద్రానికి దగ్గరలో ఉన్న ఊరు. పక్కనే పారిశ్రామికవాడ ఉన్నది. మరో విశేషం గమనించండి. సూరత్ మరమగ్గాల మీద పనిచేసే ఒడియా కార్మికులలో ఎక్కువమంది గంజాం జిల్లావారు. మన ఇచ్ఛాపురం దాటితే వచ్చేది ఆ గంజాం జిల్లాయే. వారితోపాటు వరంగల్, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల పద్మశాలీలు కూడా చేనేత దెబ్బతిన్న కాలంలో సూరత్ చేరారు. లింబాయత్ వంటి పేటలలో వారి తరువాతి తరాలు స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ బడులలో తెలుగు మాధ్యమం కూడా ఉండడానికి కారణం ఈ వలసే.

ఇక పంకా కథకు వద్దాం. విద్యుత్తు రాకముందు దొరల బంగళాలలో, కచ్చేరీలలో కప్పు నుంచి గుడ్డచట్రం వేలాడేది. దాని తాడు గోడకు చేసిన రంధ్రంలోంచి వరండాలోకి పోయేది. అక్కడ కూర్చున్న మనిషి గంటల తరబడి దాన్ని లాగేవాడు. లోపలివారికి గాలి, బయటివాడికి ఉక్క. దీపం సంగతి వేరు. అది గోడకో బల్లమీదో ఉండేది. ఊగే పంకా దగ్గర నూనె దీపం నిలవదు కదా!

1882లో అమెరికాలో ఫిలిప్ డీల్ అనే జర్మన్ వలసదారు విద్యుత్ సీలింగు ఫ్యానును తయారుచేశాడు. ఆయన సింగర్ కుట్టుమిషన్ల కంపెనీలో ఇంజనీరు. కుట్టుమిషను కోసం రూపొందించిన మోటారునే కప్పుకు తగిలించి రెక్కలు బిగించాడు. ఆ తరువాత దానికే దీపాన్నీ జోడించాడు. అంటే దీపమున్న ఫ్యాను ఈనాటి వింత కాదు, సీలింగు ఫ్యానుతో దాదాపు సమవయస్కురాలు. (మన దేశంలోనూ ఉషా పేరుతో కుట్టుమిషన్లు, ఫ్యాన్లు ఒకే కంపెనీ నుంచి రావడం తమాషా అయిన పోలిక.)

మరి మన ఇళ్లలో ఆ జంట ఎందుకు కుదరలేదు? నాకు తోచిన కారణం ఇది. అమెరికా ఇళ్లలో గది నడుమ కప్పుకు దీపం ఉండడం అలవాటు. ఫ్యాను వచ్చి ఆ దీపం చోటును ఆక్రమించింది కాబట్టి దీపాన్ని తనతోనే ఉంచుకోవలసి వచ్చింది. మన దగ్గర ఫ్యాను దీపం స్థానంలోకి రాలేదు, పంకా స్థానంలోకి వచ్చింది. దీపం గోడమీదే ఉండిపోయింది. బల్బు పోయి ట్యూబులైటు వచ్చినా గోడను వదలలేదు. అక్కడి ఫ్యానుకు, దీపానికి వేలాడే గొలుసులు ఉండేవి. గొలుసు లాగితే ఒకటి ఆగుతుంది, మరొకటి వెలుగుతుంది. స్విచ్చులు ఫ్యానులోనే ఉన్నాయి గనుక రెండు తీగలు చాలు. మనం స్విచ్చునూ రెగ్యులేటరునూ గోడమీది బోర్డులో పెట్టుకున్నాం. అందుకే దీపాన్ని చేర్చదలిస్తే మూడో తీగ తప్పనిసరి అయింది.

కలకత్తాలో 1899లో విద్యుత్ సరఫరా మొదలైంది. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున 1920లో థర్మల్ కేంద్రం వచ్చింది. ఆ కాలపు వైరింగు చెక్కపట్టీల మీద, తరువాత టేకు బద్దీల మీద కనబడేలా సాగేది. తీగ ఖరీదైనది. ఫ్యాను పాయింటుకు రెండు తీగలంటే రెండే లాగేవారు. గోడలో పైపులు పూడ్చే పద్ధతి వచ్చాక కూడా ఆ లెక్క మారలేదు. బోర్డులు కూడా మొదట చెక్కవే. తరువాత వాటి మీదికి వచ్చిన పలకను మన ఎలక్ట్రీషియన్లు నేటికీ హైలం షీటు అంటారు. ఆ పేరు హైదరాబాదులో తయారైన సరుకుది.

సూరత్‌లో విద్యుత్తు చరిత్ర మరో దారిలో నడిచింది. వలస వచ్చిన నేతగానికి విద్యుత్తు మొదట సుఖంగా కాక, పనిగా పరిచయమైంది. మరమగ్గం మోటారు తిరిగితేనే కూలి. పన్నెండు గంటల షిఫ్టులు, ఒకే గదిని వంతులవారీగా పంచుకోవడం అక్కడ మామూలు. రాత్రి షిఫ్టు ముగించినవాడు పగలు పడుకుంటాడు. వాడికి గాలి కావాలి, వెలుతురు వద్దు. సాయంత్రం వంట చేసేవారికి వెలుతురు కావాలి. కాబట్టి ఫ్యానును, దీపాన్ని ఒకే స్విచ్చుకు కలిపేసి చేతులు దులుపుకోవడం వారి నిద్రతో చెలగాటమే. మూడో తీగ విలువ ఇక్కడ తెలుస్తుంది.

సరైన పద్ధతి ఏమిటంటే, బోర్డులో రెండు స్విచ్చులుండాలి. ఒక స్విచ్చు నుంచి ఫేజు రెగ్యులేటరు గుండా ఫ్యానుకు పోవాలి. రెండో స్విచ్చు నుంచి ఫేజు నేరుగా దీపానికి పోవాలి. న్యూట్రల్ రెండింటికీ ఒకటే. ఫ్యాను లోహపు ఒంటికి ఎర్తు తీగ కలపాలి. పైపులో చోటుంటే, మెయిన్ ఆపి, జి.ఐ. తీగ దూర్చి కొత్త వైరు లాగవచ్చు. చోటు లేకపోతే కప్పు మీదుగా సన్నని కేసింగు వేయాలి. అందం కాస్త తగ్గుతుంది, అంతే.

ఈ శ్రమ తప్పించుకునే దగ్గరిదారులు మూడు కనిపిస్తాయి. మొదటిది, దీపాన్ని రెగ్యులేటరు తరువాతి ఫేజుకే కలపడం. అప్పుడు వేగం తగ్గిస్తే దీపం మసకబారుతుంది. ఎల్.ఇ.డి. అయితే మిణుకుమంటుంది, త్వరగా చెడుతుంది. రెండవది, మరో గది దీపం నుంచి న్యూట్రల్ అరువు తెచ్చుకోవడం. ఈ గది సర్క్యూటుకు విడిగా 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ రక్షణ పరికరం ఉంటే, వెళ్లిన విద్యుత్తు వేరే దారిన తిరిగి వస్తున్నందున అది పదే పదే పడిపోతుంది. అప్పుడు చాలామంది తప్పును వెదకరు, ఆ పరికరాన్నే తీసేస్తారు!

మూడవది అన్నిటికంటే ప్రమాదకరం. దీపం స్విచ్చును ఫేజులో కాక న్యూట్రల్‌లో పెట్టడం. స్విచ్చు ఆపితే దీపం ఆరుతుంది. కానీ హోల్డరులో విద్యుత్తు అలాగే ఉంటుంది. బల్బు మార్చడానికి స్టూలు ఎక్కినవాడు స్విచ్చు ఆపాను కదా అన్న ధీమాతోనే చేయి పెడతాడు. అందుకే 1956 భారత విద్యుత్ నియమాలలోని 32వ నియమం, న్యూట్రల్‌లో విడిగా స్విచ్చు పెట్టరాదని చెప్పింది. ఆ నియమాల స్థానంలో 2010లోనూ, మళ్లీ 2023లోనూ కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు వచ్చాయి. కాగితం మీద నియమం పాతదే అయినా, కప్పు దగ్గర ఫేజు ఏదో న్యూట్రల్ ఏదో టెస్టరుతో చూసుకోవలసింది మాత్రం తీగ కలిపే మనిషే. పాత వైరింగులో రంగులను నమ్మడానికి వీల్లేదు.

2006 ఆగస్టులో తాపీ నది పొంగి సూరత్ నగరంలో అధిక భాగం మునిగింది. నీళ్లు తీసిన తరువాత తడిసిన బోర్డు పైకి ఆరినట్టు కనిపిస్తుంది. లోపలి పైపులో తేమ నిలిచే ఉంటుంది. మునిగిన ఇంట్లో ఇన్సులేషన్ పరీక్ష చేయించకుండా పాత తీగలకు కొత్త ఫ్యాను తగిలించకూడదు.

ఇటీవల ఈ చిక్కుకు మరో పరిష్కారం వచ్చింది. బి.ఎల్.డి.సి. మోటారు ఫ్యాన్లు పాతవాటిలా 75 వాట్లు కాక, సుమారు 30 వాట్లతో తిరుగుతాయి. 2023 జనవరి నుంచి సీలింగు ఫ్యాన్లకు స్టార్ లేబులు తప్పనిసరి కావడంతో వీటి వాడకం పెరిగింది. రిమోటు ఉన్న రకాలలో కప్పులోంచి రెండు తీగలు చాలు. ఫ్యానును, దీపాన్ని లోపలి సర్క్యూటే వేరుచేస్తుంది. డీల్ కాలపు గొలుసు చేసిన పనిని ఇప్పుడు రిమోటు చేస్తున్నదన్నమాట. అయితే గోడమీది పాత రెగ్యులేటరును తీసి, తీగను నేరుగా కలపాలి. లేకుంటే లోపలి సర్క్యూటు కాలిపోవచ్చు. స్విచ్చును మాత్రం తీసేయకూడదు, అది ఫేజులోనే ఉండాలి. రిమోటుతో ఆపిన ఫ్యానులో విద్యుత్తు ఆగినట్టు కాదు.