కార్చిచ్చుకు గీచిన గీత

మనము కాపురముండు ఈ ఢిల్లీ ఒకప్పుడు అడవి. పాండవుల ఇంద్రప్రస్థము పురానా కిల్లా దిబ్బమీద నుండెనని జనశ్రుతి. దాని చెంతనున్న ఖాండవవనము దగ్ధమైన కథను నన్నయభట్టు ఆదిపర్వమున తెనిగించెను. కృష్ణార్జునులు కావలి నిలువగా ఆ మంటలనుండి తప్పించుకొన్నవారు మయుడు, తక్షకుని కొడుకు అశ్వసేనుడు, నాలుగు శార్ఙ్గకపక్షి పిల్లలు మాత్రమే. పురాణమును చరిత్రగా గైకొనరాదు. అయినను ఊరికొరకు అడవిని సమూలముగ కాల్చవలెనను తలపు ఎంత పాతదో దీనివలన తెలియుచున్నది.

ఆంగ్లేయులు దీనికి నేరుగా ఎదురుదారి పట్టిరి. 1864లో బ్రాండిస్ దొర అడవులకు తొలి ఇన్‌స్పెక్టరు జనరలయ్యెను. అటుపిమ్మట అడవిలో నిప్పను మాటయే వినబడరాదనిరి. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము రిజర్వు అడవిలో నిప్పు పెట్టుటను నేరము చేసెను. పశువుల మేతకై ఎండుగడ్డిని కాల్చుకొను పల్లెవారు దానితో నేరస్థులైరి! ఫలితమేమి? ఏండ్ల తరబడి కాలనిచోట ఎండుటాకు మోకాలిలోతు పేరుకొనును. అట్టిచోట రవ్వ పడిన మంట మానులనే మ్రింగును. బర్మా టేకు అడవులలో ఈ అగ్నిరక్షణ మితిమీరినదని స్లేడ్ అను అధికారి 1896లోనే ‘ఇండియన్ ఫారెస్టర్’ పత్రికలో వ్రాసెను. పైవారికి ఆ మాట రుచింపలేదు కాబోలు, మార్పు మెల్లగా వచ్చినది.

ఈ రెంటికిని నడుమ నిలిచినది ఫైరులైను. వేసవి ముదురకముందే అడవి అంచున, బాటల వెంబడి ఒక పట్టీ మేర గడ్డిని, పొదలను కోసి, చల్లని వేళ కాల్చివేయుదురు. పని అంతటితో తీరదు. ఆకు రాలుకాలమున ఆ పట్టీని మరల మరల ఊడ్చవలెను; లేనిచో వారము దినములలో మంటకు వంతెన సిద్ధమగును. నల్లమలలో ఈ పనికిని, కార్చిచ్చు కావలికిని చెంచులను నియమించుచున్నారు. గాలి ఎటు తిరుగునో వారి కెరుకైనట్లు కాగితములకు తెలియదుగదా! ఇండ్ల దాపున మరియొక జాగ్రత్త కలదు. నేలబారు కొమ్మలను నరికినచో గడ్డిలోని మంట చెట్టెక్కదు.

గీత యున్నంతమాత్రమున నిశ్చింత లేదు. గాలికి రవ్వలు దానిని దాటును. 2014 మార్చిలో తిరుమల చెంత శేషాచలము మండినప్పుడు వాయుసేన హెలికాప్టర్లు రావలసివచ్చెను.

ఇక మన రిడ్జి. దీనిని 1913లో రిజర్వు అడవిగా ప్రకటించిరి. నేడు దానిని కమ్ముకొనియున్న విలాయతీ కీకరు మనకు క్రొత్తది కాదు. మన సర్కారు తుమ్మయే. 1870వ దశకమున బెడ్డోమ్ దొర విత్తనములు తెప్పింపగా కడప జిల్లా కమలాపురము ప్రాంతమున నాటిరి. ఢిల్లీలో దానిని తొలగింపవలెనను వాదము బలముగా నున్నది. తొలగించుట మేలే. కాని మోడును విడిచిన అది మరల చిగుర్చును. దాని నీడ పోయినచోట గడ్డి విజృంభించును. జ్యేష్ఠమాసపు లూ గాలికి మొట్టమొదట అంటుకొనునది ఆ గడ్డియే. కావున నరికిన ఏడే ధౌ మొదలగు స్థానికవృక్షములను నాటి, అవి నీడ పట్టువరకు ఏటేట గడ్డి కోయించవలెను. గొడ్డలికి మంజూరయిన సొమ్ముతోపాటు కొడవలికిని కొంత కేటాయింపవలసి యున్నది.