ఒక్క వీసీ కోసం తెచ్చిన చట్టం

ములుగుకు సమ్మక్క సారక్క గిరిజన విశ్వవిద్యాలయం వచ్చిందని మనమంతా సంబరపడ్డం. మా ఘనపూర్ దిక్కు పిల్లలకు అది దగ్గర. కానీ లోపల నిర్ణయాలు ఎవరు చేస్తరని మనల ఎవ్వరం అడగలే. ఈ ప్రశ్న ఎంత పాతదో తెల్వాలంటే 1966 నాటి ఉస్మానియా సంగతి చూడాలె.

డాక్టర్ డి.ఎస్. రెడ్డి 1957ల ఉస్మానియా వీసీ అయిండు. 1964ల మళ్లీ ఐదేండ్లకు నియమించిన్రు. అంటే 1969 దాకా పదవి ఉంది. కాసు బ్రహ్మానంద రెడ్డి ప్రభుత్వం 1966 జనవరిలో యూనివర్సిటీ చట్టాన్ని సవరించింది. వీసీ పదవీకాలం మూడేండ్లకు తగ్గింది. విధానాల విషయంలో యూనివర్సిటీకి సూచనలిచ్చే అధికారం ప్రభుత్వానికి వచ్చింది. అయితే అందులోనే ఒక రక్షణ కూడా ఉంది: వీసీని తీసేయాలంటే హైకోర్టు లేదా సుప్రీంకోర్టు జడ్జిగా ఉన్నోళ్లతోని విచారణ చేయించాలె.

నాలుగు నెలలు గడవలే. మే నెలలో రెండో సవరణ తెచ్చిన్రు, 13-ఎ అనే సెక్షన్. ఇప్పుడు పదవిలో ఉన్న వీసీ, కొత్త వీసీ వచ్చేదాకనే ఉంటడు, ఆ కొత్త వీసీని 90 రోజులల్ల నియమించాలె అని దాని సారం. విచారణ లేదు, ఆరోపణ లేదు. పేరు రాయలేదు గానీ, ఆ సెక్షన్ కిందికి వచ్చేది ఒక్క మనిషే! రెడ్డి గారు హైకోర్టుకు పోతే పిటిషన్ కొట్టేసిన్రు. సుప్రీంకోర్టు మాత్రం 1967ల ఆ సెక్షన్ చెల్లదన్నది. మిగతా వీసీలకు ఉన్న రక్షణ ఈయనకే లేకుండ చేయడం ఆర్టికల్ 14కు, అంటే సమానత్వానికి విరుద్ధమని చెప్పింది.

నా లెక్క ప్రకారం ఇది సగం గెలుపే. వీసీ కుర్సీ నిలబడ్డది. ఆయన పక్కన కూసొని మాట్లాడే హక్కు ఎవరిదో కోర్టు తేల్చలే, దాన్ని ఎవరూ అడగలేదు కూడా.

ఇగ ములుగుకు వద్దాం. 2023 సవరణతోని అది 2009 కేంద్రీయ విశ్వవిద్యాలయాల చట్టం కిందికి వచ్చింది. ఆ చట్టం ప్రకారం మొదటి ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్‌ల 11 మందికి మించొద్దు. అందరినీ కేంద్రమే నామినేట్ చేస్తది, మూడేండ్లకు. సిలబస్ చూసే మొదటి అకడమిక్ కౌన్సిల్ సభ్యులను కూడా కేంద్రమే నామినేట్ చేస్తది. కోయ భాష, గోర్ బోలి పాఠంల ఉండాల్నా వద్దా అనేది తేలేది ఆడనే. పేరేమో మన వనదేవతలది.

విద్యార్థులకు ఉన్నది స్టూడెంట్స్ కౌన్సిల్. 20 మంది నామినేటెడ్, 20 మంది మనం ఎన్నుకునేటోళ్లు, అధ్యక్షుడు డీన్. అది సూచనలే ఇస్తది, ఆదేశాలు ఇయ్యదు. అయినా అధ్యక్షుని అనుమతి ఉంటే ఏ విద్యార్థి అయినా యూనివర్సిటీకి సంబంధించిన ఏ విషయమైనా దాని ముందు పెట్టొచ్చు, చర్చల మాట్లాడొచ్చు.

ములుగుల చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెండ్లు ఈ గ్రూపుల ఎవరన్నా ఉంటే చెప్పుండ్రి: ఆ 20 మంది ఎన్నిక మీ దగ్గర అయ్యిందా?