నక్షత్రాల్లేని ఆస్మాన్ కింద ఒక ఉర్దూ ఉస్తాద్

టేబుల్ చుట్టూ కూర్చొని, పాచికలు దొర్లిస్తూ, నోటితో కథ నడుపుతూ ఆడే ఆటలు 1974లో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’తో బజారుకొచ్చాయి. ఆ మరుసటి ఏడాదే అదే టీఎస్ఆర్ కంపెనీ ‘ఎంపైర్ ఆఫ్ ది పెటల్ థ్రోన్’ అనే ఇంకో ఆట వేసింది. దాన్ని తయారు చేసినాయన మిన్నెసోటా యూనివర్సిటీలో దక్షిణాసియా అధ్యయనాల ప్రొఫెసర్. పేరు ముహమ్మద్ అబ్దుర్ రహ్మాన్ బార్కర్. ఉర్దూ మీడియంలో చదివిన నాలాంటోడు ఈ పేరు దగ్గర ఆగకుండా ఎట్లా పోతాడు?

ఆయన 1929లో అమెరికాలోని స్పోకేన్‌లో ఫిలిప్ బార్కర్‌గా పుట్టాడు. 1950ల మొదట్లో ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ మీద హిందుస్తాన్ వచ్చి, ఇక్కడే ఇస్లాం కబూల్ చేశాడు. క్లామత్ అనే అమెరికా ఆదివాసీ జబాన్‌కు వ్యాకరణం రాశాడు. కెనడాలోని మెక్‌గిల్‌లో పనిచేస్తూ, సాథీలతో కలిసి 1967లో ‘ఎ కోర్స్ ఇన్ ఉర్దూ’ తెచ్చాడు. విదేశాల్లో ఎందరో అలిఫ్, బే దిద్దుకున్నది ఆ కితాబ్‌తోనే. ఉర్దూ అఖ్బారుల్లో ఏ లఫ్జ్ ఎన్నిసార్లు వస్తుందో లెక్కగట్టి ఇంకో పుస్తకం వేశాడు. అఖ్బారు పనిలో ఉన్నవాడిగా ఆ మెహనత్ విలువ నాకు తెలుసు.

ఇక ఆట సంగతి. పరాయి గ్రహం మీద కత్తులు, షెహజాదీలు, వింత జానవర్లు ఉండే కథలకు అమెరికాలో పెద్ద దిక్కు ఎడ్గార్ రైస్ బరోస్. 1912లో మొదలైన ఆయన మార్స్ కథల్లో హీరో జాన్ కార్టర్. బానిసత్వం కోసం పోరాడిన దక్షిణాది ఫౌజులో కెప్టెన్. మార్స్ మీద పడతాడు, గెలుస్తాడు, అక్కడివాళ్లకే సర్దార్ అవుతాడు. 1974లో టీఎస్ఆర్ ఆ కథల మీద ‘వారియర్స్ ఆఫ్ మార్స్’ అనే ఆట వేసింది. బరోస్ వారసుల ఇజాజత్ లేనందున అమ్మకం ఆపాల్సి వచ్చింది.

బార్కర్ తీసుకున్న సరంజామా కూడా అదే. దునియా మాత్రం వేరు. ఆయన గ్రహం పేరు టెకుమెల్. ఎన్నో వేల ఏళ్ల కిందట భూమి నుంచి వెళ్లిన మనుషులు ఆ గ్రహాన్ని తమకు అనువుగా మార్చుకొని, అసలు నివాసులను చిన్న చిన్న జాగాల్లోకి నెట్టేశారు. తర్వాత ఒక ఖయామత్ లాంటిది వచ్చి, ఆ గ్రహం తన సూర్యుడితో, చంద్రులతో సహా వేరే విశ్వంలోకి జారిపడింది. రాత్రి ఆస్మాన్‌లో ఒక్క నక్షత్రం లేదు. ఇనుము దొరకదు. అందుకే చ్లెన్ అనే జానవర్ తోలును గట్టిపరచి కత్తులు, కవచాలు చేసుకుంటారు. పాత మిషన్లు ఎట్లా పనిచేస్తాయో మరిచిపోయారు కాబట్టి వాటిని జాదూ అంటారు. ఒక్క హాద్సా పెట్టి, లోహం లేమి నుంచి మంత్రాల దాకా అన్నిటికీ వజహ్ చూపించాడు.

ఆట మొదలయ్యే తీరు నాకు మరీ ఇష్టం. ఆటగాళ్లు హీరోలు కారు, పరదేశీలు. పడవ దిగి జకాల్లా అనే రేవు షహర్‌కు వస్తారు. పరాయివాళ్ల మొహల్లాలోనే ఉండాలి. అదబ్ తప్పితే జాన్ మీదికొస్తుంది. దీంట్లో డిజైన్ హిక్మత్ ఉంది: ఆడేవాడికి ఆ దునియా తెలియదు, వాడి పాత్రకూ తెలియదు. ఇద్దరూ కలిసే నేర్చుకుంటారు. ఆ సల్తనత్ జబాన్ త్సోల్యానిలో ఎదుటివాడి దర్జాను బట్టి ‘నువ్వు’కు ఎన్నో రూపాలు. తూ, తుమ్, ఆప్ తేడా పాఠం చెప్పిన ఉస్తాద్ కదా, ఆ తేడానే ఆటలో ప్రమాదంగా మార్చాడు. పాచికల లెక్కలోనూ కొత్తదనం ఉంది. ఇరవై ముఖాల పాచిక మీద 20 పడితే దెబ్బ రెట్టింపు అన్న కాయిదాను మొదట అచ్చులో పెట్టిన ఆటల్లో ఇదొకటి.

మన దాస్తాన్‌గో తిలిస్మ్ కట్టి సామయీన్‌ను లోపలికి తీసుకెళ్లేవాడు. బార్కర్ తిలిస్మ్ కట్టి, దారి వెతుక్కునే పని వినేవాళ్లకే అప్పగించాడు.

2012లో ఆయన ఇంతెఖాల్ అయ్యాడు. పదేళ్లకు, 2022 మార్చిలో, ఆయన రచనలు చూసుకునే టెకుమెల్ ఫౌండేషన్ ఒక ప్రకటన ఇచ్చింది. 1991లో ‘సర్పెంట్స్ వాక్’ అనే నవల వచ్చింది. హిట్లర్ ఎస్ఎస్ దళం వారసులను వీరులుగా చూపే నవల, వేసింది నియో-నాజీల ప్రచురణ సంస్థ. మారుపేరుతో అది రాసింది బార్కరే. యూదుల మారణహోమం జరగలేదని వాదించే పత్రిక సలహా మండలిలోనూ ఆయన ఏళ్ల తరబడి ఉన్నాడు. ఇంత ఆలస్యంగా చెప్పినందుకు ఫౌండేషన్ మాఫీ అడిగింది.

“నవలే కదా” అనేవాళ్లుంటారు. సలహా మండలిలో కూర్చోవడం నవల కాదు. “కలం పేరు అందరికీ ఉంటుంది” అంటారు. షాయర్ తఖల్లుస్‌ను మక్తాలో బాహాటంగా పెడతాడు. ఇక్కడ పేరు వాడింది దాక్కోవడానికి. ఇంకో మాట మనలోనే వినిపిస్తుంది: “ఇజ్రాయెల్ చేసే జుల్మ్ ముందు ఇదెంత?” దోస్తులారా, ఫలస్తీన్ దర్ద్ నిజం. దాన్ని చెప్పడానికి యూరప్ యూదుల లాశలను లెక్కలోంచి తీసేయాల్సిన అవసరం లేదు. 1948 పోలీస్ యాక్షన్‌లో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసిన సుందర్‌లాల్ కమిటీ రిపోర్టు దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. మన మయ్యత్‌లు లేవన్నప్పుడు ఎట్లా ఉంటుందో మనకు తెలుసు. తెలిసినవాళ్లు ఇంకొకళ్ల మయ్యత్‌లను లేవనే గుంపులో ఎట్లా నిలబడతారు?

మరి ఆ ఉర్దూ కితాబ్‌ను, ఆ ఆటను ఏం చేయాలి? మన ఉలమా దగ్గర ఒక పాత ఇల్మ్ ఉంది: అస్మా-ఉర్-రిజాల్. హదీస్ తీసుకునే ముందు రావీ ఎవరు, అతని హాఫిజా ఎట్లాంటిది, సచ్చాయి ఎంత అని విచారించి, మంచీ చెడూ రెండూ రాసిపెట్టారు. ఆ ఐబ్ రాయడాన్ని గీబత్ అనలేదు, జిమ్మేదారీ అన్నారు. బార్కర్ దగ్గర ఉర్దూ నేర్చుకున్నవాళ్లు నేర్చుకున్నది ఎటూ పోదు. జకాల్లా రేవులో దిగాలనుకునేవాళ్లు దిగొచ్చు. కాకపోతే ఆయన పేరు ఎత్తిన చోటల్లా ఆ కితాబ్‌తో పాటు ఆ నవల పేరూ చెప్పాలి. నౌముస్లిం ఆలిమ్ అని ఫఖర్‌గా చెప్పుకునే మనవాళ్లు ముందుగా చెప్పాలి.