లోరి దుర్గం

లోరి దుర్గం (లోరి బెర్ద్) ఆర్మేనియా ఉత్తర ప్రాంతంలో, స్తెపనవాన్ పట్టణానికి సమీపంలో ఉన్న మధ్యయుగపు కోట. ఇది ప్రాచీన తాషిర్ మండలంలోది.

తాషిర్, ఐబీరియా (నేటి జార్జియా) సరిహద్దునున్న గుగార్క్ రాష్ట్రంలో భాగం. ఈ రాష్ట్రాన్ని 'బ్దెష్ఖ్' అనే బిరుదున్న సరిహద్దు పాలకులు ఏలేవారు. క్రీ.పూ. 2వ శతాబ్దంలో ఆర్మేనియా రాజులు దీన్ని ఐబీరియన్ల నుంచి గెలుచుకున్నారని గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో రాశాడు.

10వ శతాబ్ది చివర్లో ఇక్కడ బగ్రతుని వంశపు శాఖ అయిన క్యురికియన్ల రాజ్యం వెలసింది. కోట కట్టించిన ఘనత ఆ వంశపు రాజు మొదటి దావీదుకు దక్కుతుంది. ఆనీ రాజు మొదటి గగిక్‌పై తిరగబడి భూములు పోగొట్టుకోవడంతో ఆయనకు 'అన్‌హోగిన్', అంటే భూమిలేనివాడు, అనే పేరు స్థిరపడింది. 11వ శతాబ్దంలో లోరి ఈ రాజ్యానికి రాజధాని అయింది.

జోరాగెట్, తాషిర్ నదుల లోయల మధ్య ముందుకు పొడుచుకొచ్చిన ఎత్తైన రాతి గట్టుపై కోట ఉంది. నిట్టనిలువు లోయలే సహజ రక్షణ కావడంతో, మైదానం వైపు మాత్రమే బురుజులతో పెద్ద గోడ కట్టారు.

1118లో జార్జియా రాజు నాలుగో దావీదు, 1230లలో మంగోలులు కోటను పట్టుకున్నారు. గోడ బలాన్ని నమ్ముకుని రక్షకులు తిండీ తాగుడులో మునిగి ఉండగా, మంగోలులు గోడ అడుగున తవ్వి కూల్చారని సమకాలీన చరిత్రకారుడు కిరాకోస్ గంజాకెత్సి నమోదు చేశాడు. గోడ, స్నానశాల శిథిలాలు నేటికీ కనిపిస్తాయి.